మూడో పూస

కాజీపేట నుంచి ఉత్తరానికి పోయే రైలు సిర్పూర్ కాగజ్‌నగర్ దాటాక తెలంగాణ ఎక్కడ అయిపోయిందో, మహారాష్ట్ర ఎక్కడ మొదలైందో కిటికీలోంచి చూసేవాడికి తెలియదు. అవే పత్తి చేలు, అవే టేకు చెట్లు, స్టేషన్లలో అదే కలగలుపు మాట. విరూర్ బోర్డు కనబడిందంటే దాటేశామన్నమాట. ఆ విరూర్ ఉన్న రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోదే. రాష్ట్రాల గీతలు మారినప్పుడు అటు వెళ్ళిపోయింది. ఆ తర్వాత వార్ధా నది మీద వంతెన, అది దాటగానే బల్హార్షా జంక్షన్. జంక్షన్ పేరు అది, ఊరి పేరు బల్లార్‌పూర్. కాగితం మిల్లుకూ బొగ్గు గనులకూ పేరున్న ఊరు. అక్కడి నుంచి రాజురా, ఆసిఫాబాద్ మీదుగా మంచిర్యాలకు వచ్చే రోడ్డు పట్టుకుంటే మొదట తగిలేది బామ్ని.

ఈ అధ్యాయానికి బామ్నితో పని పడింది బొక్కల వల్ల. ఎముకలని రాయొచ్చు గానీ, ఆ వైపు తెలుగువాళ్ళ నోట అవి బొక్కలే. బామ్ని ప్రోటీన్స్ పేరుతో ఇక్కడ పెట్టిన కర్మాగారం కేరళలోని నిట్టా జెలటిన్ ఇండియాకు అనుబంధ సంస్థది. దాని ముడిసరుకు నలగ్గొట్టిన పశువుల ఎముకలు, అది తయారుచేసిన సరుకు ఒస్సీన్.

ఒస్సీన్ చేసే పద్ధతి ఎక్కడైనా దాదాపు ఒకటే. ఎముక ముక్కల కొవ్వు వదిలించి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రోజుల తరబడి నానబెడతారు. ఎండిన ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజమే, అంటే కాల్షియం ఫాస్ఫేటు. అది మెల్లగా ఆమ్లంలో కరిగి వెళ్ళిపోతుంది. ఆ నీళ్ళకు సున్నం కలిపితే డైకాల్షియం ఫాస్ఫేటు తెల్లగా అడుగుకు దిగుతుంది. అది కోళ్ళ దాణాలోకీ పశువుల దాణాలోకీ పోతుంది. తొట్టిలో మిగిలిన ముక్కలు మాత్రం ఎముక ఆకారంలోనే ఉంటాయి. చేత్తో పట్టుకుంటే వంగుతాయి, వదిలితే మళ్ళీ చాపుకుంటాయి. ఇదే ఒస్సీన్. ఇంట్లో చూడాలనుకుంటే కోడికాలి బొక్కను శుభ్రంగా కడిగి నాలుగైదు రోజులు వెనిగర్‌లో ఉంచండి, మధ్యమధ్య వెనిగర్ మార్చండి. బొక్క రబ్బరులా వంగుతుంది.

మూడింట రెండు వంతుల సరుకు తీసేసినా ఆకారం చెక్కుచెదరలేదంటే, ఆ ఆకారాన్ని పట్టి ఉంచింది ఖనిజం కాదన్నమాట. మిగిలిన మూడో వంతు. అది దాదాపు అంతా ఒకే ప్రోటీన్, కొల్లాజెన్.

చంద్రపూర్ జిల్లాలోనే ఈ ప్రయోగం తలకిందులుగా జరిగిన చోటు ఇంకొకటి ఉంది. వరోరా తాలూకాలో పిస్దురా అనే ఊరి చుట్టుపక్కల డైనోసార్ల ఎముకలు దొరుకుతాయి. క్రెటేషియస్ యుగం చివరి నాటి భారీ శాకాహారులవి. అక్కడ కాలం ప్రోటీన్‌ను తినేసి రాయిని మిగిల్చింది. బామ్ని తొట్టిలో ఆమ్లం రాయిని తినేసి ప్రోటీన్‌ను మిగిల్చింది. రెండు చోట్లా ఎముక ఆకారం మాత్రం అలాగే ఉంటుంది. పిస్దురా ఎముకను వంచబోతే పుటుక్కున విరుగుతుంది, అంతే తేడా.

ఇప్పుడు ఒస్సీన్ లోపలికి వెళ్దాం.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. ఇరవై రకాల పూసలు ఏ వరుసలో గుచ్చితే ఆ వరుసను బట్టి దండ తనంతట తాను మడతపడి ఒక రూపం తెచ్చుకుంటుంది. దండలో ఒక భాగం మిగతా వాటితో పని లేకుండా సొంతంగా మడతపడి నిలబడగలిగితే ఆ ముక్కను డొమెయిన్ అంటారు. కర్రు ఒకటే, దాన్ని ఏ నాగలికి బిగించినా దున్నుతుంది. డొమెయిన్లూ అలాంటివే. పరిణామం ఒకసారి కుదిరిన ముక్కను పారేయదు, వేరే ప్రోటీన్లకు తగిలించుకుంటూ పోతుంది. కొల్లాజెన్‌లోని మూడుపేటల డొమెయిన్ అలా చాలా దూరం ప్రయాణించింది. స్పాంజిలో ఉంది, వానపాములో ఉంది, వార్ధా నదిలోని చేపలో ఉంది, మన చర్మంలో ఉంది. దాని పని కణం లోపల కాదు, కణం బయట. కణాలు తాము కూర్చునే చాపను తామే అల్లి బయటికి తోసి, దాని మీద కూర్చుంటాయి. ఆ చాపలో ముఖ్యమైన నార ఇదే.

దీని కట్టడం అర్థం కావడానికి తాడు పేనడం చూసినవాళ్ళకు పెద్దగా చెప్పక్కర్లేదు. ముందు ఒక్కో పేటకు ఒకవైపు పురి ఎక్కిస్తారు. తర్వాత మూడు పేటలూ కలిపి ఎదురు దిక్కున పేనుతారు. లాగిన కొద్దీ పేట విడిపోవాలని చూస్తుంది, తాడు బిగుసుకోవాలని చూస్తుంది, రెండూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. అందుకే మోట తాడు బాన బరువుకు ఊడిపోదు. కొల్లాజెన్‌లోనూ ఒక్కో దండ ఎడమ పురి తిరుగుతుంది, మూడు దండలు కలిసి కుడి పురి తిరుగుతాయి. మన చర్మంలో, ఎముకలో ఎక్కువగా ఉండే ఒకటో రకం కొల్లాజెన్‌లో ఈ పురి ఉన్న భాగంలో దండకు 1014 పూసలు. తాడు పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటరు. మందానికి రెండు వందల రెట్లు పొడవన్నమాట.

ఇంత సన్నగా మూడు పేటలు కలవాలంటే మధ్యలో అవి ఒకదానికొకటి అంటుకుపోవాలి. అమైనో ఆమ్లాలకు వెన్నుతో పాటు పక్కకు పొడుచుకొచ్చే కొమ్మ ఒకటి ఉంటుంది. కొమ్మే వాటి గుణం. ఒకదానికి పెద్ద ఉంగరం, ఒకదానికి పొడుగాటి తోక, ఇంకొకదానికి విద్యుదావేశం. తాడు నడుమ అలాంటి కొమ్మ ఒక్కటి ఇరుక్కున్నా పేటలు దగ్గరకు రావు. కొమ్మే లేని పూస ఇరవైలో ఒక్కటే ఉంది. గ్లైసిన్. కొమ్మ ఉండాల్సిన చోట దానికి ఉన్నది ఒక్క హైడ్రోజన్ పరమాణువు. పేట మూడు పూసలకు దాదాపు ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి ప్రతి మూడో పూసా తాడు నడుముకు వస్తుంది. కాబట్టి ప్రతి మూడో పూసా గ్లైసిన్ అయి తీరాలి. ఒకటో రకం కొల్లాజెన్‌లో 1014 పూసలంటే 338 మూడు పూసల వాయిదాలు, 338 గ్లైసిన్‌లు, ఒక్కటీ తప్పదు. మూడు పేటలు మెట్లలా ఒక్కో పూస చొప్పున ఎడంగా జరిగి ఉంటాయి. అందుకని తాడును ఎక్కడ కోసి చూసినా ఆ మట్టంలో ఒక పేట గ్లైసిన్ లోపలికి తిరిగి ఉంటుంది, మిగతా రెండు పేటల కొమ్మలు బయటికి తిరిగి ఉంటాయి.

బలం ఇక్కడ ఏదో ఉండటం వల్ల రాలేదు. ఏమీ లేకపోవడం వల్ల వచ్చింది. ఇది రాస్తుంటే నాకు ప్రతిసారీ కాస్త వింతగానే ఉంటుంది.

ఈ మూడో పూస సంగతి మొదట గుర్తుపట్టింది మద్రాసులో. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగానికి అధిపతిగా వచ్చిన జి.ఎన్. రామచంద్రన్‌కు అప్పటికి ముప్పై ఏళ్ళు. రామన్ శిష్యుడు, కేంబ్రిడ్జ్‌లో చదివి వచ్చినవాడు. వైస్‌ఛాన్సలర్ లక్ష్మణస్వామి ముదలియార్ ఆయనకు గిండీ ఆవరణలో ఎక్స్‌రే ప్రయోగశాల పెట్టుకోనిచ్చారు. అదే ఏడు ఇంగ్లండు శాస్త్రవేత్త జె.డి. బెర్నల్ మద్రాసు వచ్చాడు. ఏ పని పట్టుకోవాలా అని చూస్తున్న రామచంద్రన్‌కు, కొల్లాజెన్ కట్టడం మీద అప్పటిదాకా వచ్చినవేవీ నిలబడటం లేదని ఆయన మాటల్లో తెలిసింది. 1951లో లైనస్ పాలింగ్, రాబర్ట్ కోరీ కొల్లాజెన్‌కు ఒక మూడుపేటల నమూనా ప్రకటించారు. ఆల్ఫా హెలిక్స్ కనిపెట్టిన పాలింగే అయినా, ఈ నమూనా తప్పు.

కొల్లాజెన్ ఎరిగినవాళ్ళు మద్రాసులో దూరాన లేరు. గిండీ పక్కనే కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఉంది. తోలంటే కొల్లాజెనే మరి. ఆ సంస్థకు తర్వాత 1958లో డైరెక్టరయిన యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గర యలవర్రు రైతు బిడ్డ. రామచంద్రన్ పుట్టిన 1922లోనే, ఆయనకంటే నెల ముందు పుట్టారు. తోలు పదును చేయడం కొల్లాజెన్ తాళ్ళ మధ్య అడ్డంగా రసాయన కుట్లు వేయడమేనన్నది ఆ సంస్థ రోజువారీ పాఠం. ఆ పాఠం పల్లెలో తోళ్ళు నానే లందకూ తెలుసు, మరో భాషలో. లందలో తోలుతో పాటు వేసే తంగేడు చెక్కలో ఉన్న టానిన్లు కొల్లాజెన్ తాళ్ళను పట్టుకుని వాటి మధ్య ఉన్న నీటిని బయటికి తోస్తాయి. ఇక ఆ తోలు కుళ్ళదు, ఎండినా కట్టెలా బిగుసుకోదు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వుకు ఎన్ని పాటలు ఉన్నాయో, అదే చెట్టు చెక్కతో తోలు నిలబెట్టిన మాదిగల రసాయనశాస్త్రానికి పుస్తకాల్లో అన్ని పంక్తులు కూడా లేవు.

రామచంద్రన్, ఆయన దగ్గర పనిచేసిన గోపీనాథ్ కర్తా కంగారు తోక స్నాయువు మీద ఎక్స్‌రే పంపి ఫొటోలు తీశారు. స్నాయువులో తాళ్ళన్నీ ఒకే దిక్కున పడుకుని ఉంటాయి కాబట్టి బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఇక్కడొక తమాషా ఉంది. ఆ రోజుల్లో ఎక్స్‌రే ఫిల్ము మీద వెండి లవణాన్ని పట్టి ఉంచే పూత జెలటిన్, అంటే ఉడికించిన కొల్లాజెన్. ఒక జంతువు కొల్లాజెన్ ముఖాన్ని ఇంకో జంతువు కొల్లాజెన్ అద్దంలో చూసుకున్నట్టు.

ఫొటోలో ఉన్నది చుక్కలు మాత్రమే, రూపం ఊహించుకోవాలి. వాళ్ళకు దారి చూపింది రసాయన విశ్లేషణ. ఏ కొల్లాజెన్‌ను విడగొట్టి లెక్కపెట్టినా గ్లైసిన్ దాదాపు మూడో వంతు వస్తోంది. మూడో వంతంటే ప్రతి మూడోది కావాలి. మూడు పేటలు నడుమన గ్లైసిన్ మీద చేరే నమూనాను ఇద్దరూ 1954 ఆగస్టులో 'నేచర్' పత్రికలో అచ్చువేశారు. మరుసటి ఏడాది దాన్ని సవరించారు. పేటలు నిటారుగా నిలబడి ఉండవు, ఒకదాని చుట్టూ ఒకటి మెలికపడతాయన్నారు. డీఎన్ఏ రెండుపేటల నిచ్చెన వచ్చి అప్పటికి రెండేళ్ళే.

అదే 1955లో డీఎన్ఏ జంటలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్‌తో కలిసి మద్రాసు నమూనాను పట్టి పరీక్షించాడు. మెలిక సరే, మూడో పూస సరే అన్నారు. పేచీ అంతా పేటల మధ్య ముడుల మీద. మూడు పూసలకు రెండు హైడ్రోజన్ బంధాలు మద్రాసు నమూనాలో ఉన్నాయి, రెండు ఉండాలంటే కొన్ని పరమాణువులు ఉండగూడనంత దగ్గరకు రావాల్సి వస్తుందని వాళ్ళ అభ్యంతరం. ఒక్కటే కుదురుతుందని వాళ్ళు తేల్చారు. ఆ ఒక్కటే చివరికి నిజమైంది.

ఇలాంటి చోట చాలామంది అలిగి కూర్చుంటారు, లేదా వాదం పెంచుతారు. రామచంద్రన్ చేసింది వేరు. పరమాణువులు ఎంత దగ్గరకు రావచ్చు, ఎంత దగ్గరకు రాగూడదు అన్న ప్రశ్ననే పట్టుకుని, అప్పటిదాకా తెలిసిన స్ఫటికాలన్నిటిలోని దూరాలను కొలిచి హద్దులు గీశారు. ఆ హద్దులతో సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి ఏ దండ వెన్నయినా ఏ కోణాల్లో తిరగగలదో, ఎక్కడ తిరగలేదో ఒక పటం వేశారు. 1963లో వచ్చిన ఆ రామచంద్రన్ పటం లేకుండా ఇవాళ ఏ ప్రోటీన్ కట్టడాన్నీ ఎవరూ నమ్మరు. అందులో కూడా గ్లైసిన్ మిగతావాటికి నిషేధించిన చోట్లలో యథేచ్ఛగా తిరుగుతూ కనిపిస్తుంది. కొమ్మ లేనివాడికి తగిలే అడ్డంకులు తక్కువ. ఓడిపోయిన వాదంలోంచి ఇంత పెద్ద సాధనం పుట్టిన సందర్భాలు శాస్త్రంలో ఎన్నో ఉండవు. రెండో బంధం సంగతి కూడా పూర్తిగా పోలేదు. 1968లో రామచంద్రన్, ఆర్. చంద్రశేఖరన్ ఆ రెండో ముడి నేరుగా కాక మధ్యలో ఒక నీటి అణువు ద్వారా పడవచ్చన్నారు. 1994లో బార్బరా బ్రాడ్‌స్కీ, హెలెన్ బెర్మన్ల బృందం కొల్లాజెన్‌లాంటి చిన్న తాడును స్ఫటికంగా పెంచి పరమాణువు పరమాణువూ చూసినప్పుడు, మూడు పూసలకు ఒకే నేరు బంధం కనిపించింది. తాడు చుట్టూ పేటలను కలుపుతూ నీటి అల్లిక కూడా కనిపించింది.

ఆ 1994 స్ఫటికంలో కావాలనే ఒక దోషం పెట్టారు. నడిమిలో ఒక్క గ్లైసిన్ తీసేసి అలనిన్ గుచ్చారు. అలనిన్‌కు ఉన్న కొమ్మ ఒక కర్బనం, మూడు హైడ్రోజన్లు. ఇరవై పూసల్లో గ్లైసిన్ తర్వాత అంతకంటే చిన్నది లేదు. ఆ చిన్న కొమ్మకే ఆ మట్టంలో పేటలు ఎడమై, పురి కాస్త వదులైంది, నేరు బంధాలు తెగి వాటి చోట్లోకి నీరు చేరింది.

స్ఫటికంలో ఇది చిత్రం, పిల్లల ఒంట్లో ఇదే రోగం. పుట్టుకతోనే ఎముకలు గాజుల్లా పుటపుట విరిగే జబ్బు ఒకటుంది, ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా. తల్లి ఎత్తుకుంటేనే తొడ విరిగిన పసివాళ్ళు ఉంటారు. కొందరికి కంటి తెల్లగుడ్డు నీలంగా కనబడుతుంది, అక్కడి కొల్లాజెన్ పలచబడి లోపలి పొర రంగు బయటికి తేలడం వల్ల. ఈ జబ్బు తీవ్ర రూపాల్లో చాలావాటికి కారణం ఒకటో రకం కొల్లాజెన్ 338 గ్లైసిన్‌లలో ఎక్కడో ఒకటి మారిపోవడమే.

ఒక్క పూసకు ఇంత ఎందుకు? ఒకటో రకం తాడులో రెండు పేటలు ఆల్ఫా-1, ఒక పేట ఆల్ఫా-2. ఆల్ఫా-1 జన్యువు మనకు రెండు ప్రతులు, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఒక ప్రతిలో తప్పు పడిందనుకోండి. ఆల్ఫా-1 పేటల్లో సగం మంచివి, సగం చెడ్డవి. తాడుకు రెండు కావాలి. రెండూ మంచివి పడే అవకాశం నాలుగింట ఒకటి. అంటే తప్పున్న పేటలు సగమే అయినా, తప్పున్న తాళ్ళు ముప్పావు వంతు. పైగా తాడు పేనడం ఒక కొస నుంచి మొదలై రెండో కొసకు సాగుతుంది కాబట్టి, తప్పున్న చోట పేనడం ఆగి తడబడుతుంది. ఇప్పుడు ఇంకో రకం తప్పు చూడండి. ఒక ప్రతి పూర్తిగా మూగబోయి అసలు పేటే తయారుచేయలేదనుకోండి. తాళ్ళు సగమే తయారవుతాయి, కానీ అవన్నీ మంచి తాళ్ళు. ఆ పిల్లలకు జబ్బు తేలిగ్గా ఉంటుంది, చాలామంది నడుస్తారు, ఎదుగుతారు. చెడ్డ పేట కంటే లేని పేట మేలన్నమాట. వైద్యులు ఈ తేడాను జన్యు పరీక్షలో చూసి కుటుంబానికి ముందే కొంత చెప్పగలుగుతున్నారు.

మూడో పూస నియమం కొల్లాజెన్ ఇంటిదొక్కటే కాదు. రక్తంలో సూక్ష్మజీవుల ఒంటి మీది చక్కెరలను పట్టే మానోజ్-బైండింగ్ లెక్టిన్ అనే ప్రోటీన్ ఉంది. దాని పిడి ఇదే మూడుపేటల తాడు. దాని జన్యువులో 54వ స్థానంలో గ్లైసిన్ పోయి ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చిన రకం ఆసియా, ఐరోపా జనాల్లో చాలామందికి ఉంటుంది. అలాంటివాళ్ళ రక్తంలో ఈ ప్రోటీన్ సరిగా గుత్తులు కట్టక తక్కువగా ఉంటుంది. రోగనిరోధకంలో ముందు వరుసలో ఉండే సి1క్యూ అయితే ఆరు తాళ్ళను ఒక పిడికిట పట్టుకుని, కొసన ఆరు మొగ్గలు విచ్చుకున్న పూలగుత్తిలా ఉంటుంది. కండరానికీ నరానికీ మధ్య సందులో అసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైము ఉంది కదా, అది కొట్టుకుపోకుండా కట్టే పలుపు కూడా ఈ తాడే. గొంతు నొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా కూడా తన ఒంటి మీద ఈ తాళ్ళను పరచుకుంది. అది మనకు వచ్చిన దారినే దానికి వచ్చిందా, సొంతంగా కుదుర్చుకుందా అన్నది వేరే చర్చ. మూడో చోట గ్లైసిన్ పెట్టడం మాత్రం అదీ తప్పలేదు.

మూడో పూస నడిమికి పోతే మొదటి రెండు పూసలకు పనేమిటి? అక్కడ ఎక్కువగా కనిపించేవి ప్రోలిన్, దాని తమ్ముడు హైడ్రాక్సీప్రోలిన్. ప్రోలిన్ కొమ్మ వెనక్కి వచ్చి తన వెన్నునే పట్టుకుంటుంది, అందుకని అటూ ఇటూ ఊగలేదు. పేట బిగువు అక్కడిది. హైడ్రాక్సీప్రోలిన్ జన్యు అక్షరాల్లో లేదు. దండ గుచ్చడం అయ్యాక, కణం లోపలే ఒక ఎంజైము ప్రోలిన్ మీద ఒక ఆక్సిజన్‌ను తగిలించి దాన్ని తయారుచేస్తుంది. ఆ పనికి ఎంజైముకు ఇనుము కావాలి, ఇనుమును పని చేయించడానికి సి విటమిన్ కావాలి. ఆ ఆక్సిజన్ తగలకపోతే కొల్లాజెన్ తాడు 24 డిగ్రీల దగ్గరే విడిపోతుంది. తగిలితే నలభైకి కొంచెం అటూ ఇటూగా దాకా నిలబడుతుంది. మన ఒంటి వేడి 37. సి విటమిన్ లేనివాడి కొల్లాజెన్ ఒంటి వేడికే కరిగిపోతుంది. చిగుళ్ళు నెత్తురు కారి, పళ్ళు ఊగి, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ తెరుచుకుంటాయి. ఓడల మీద నెలల తరబడి ఎండు రొట్టెలు తిన్న నావికులను స్కర్వీ ఇలాగే చంపింది. 1747లో జేమ్స్ లిండ్ నారింజ, నిమ్మ ఇచ్చినవాళ్ళు తేరుకోవడం చూశాడు. ఎందుకు తేరుకున్నారో ఆయనకు తెలిసే వీలే లేదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనం పెట్టుకునేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

చేపలకు ఇంత వేడి అక్కర్లేదు. చల్లని సముద్రాల్లో బతికే కాడ్ లాంటి చేపల కొల్లాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ తక్కువ, కాబట్టి అది చాలా తక్కువ వేడికే విడిపోతుంది. దాని జెలటిన్ గది వేడిలో గడ్డకట్టనే కట్టదు. ఏ జంతువు ఎంత వెచ్చగా బతుకుతుందో, దాని తాడు దాదాపు అంతకంటే కొద్దిగా ఎక్కువ వేడి దాకా మాత్రమే నిలబడుతుంది. మరీ గట్టిగా పేనితే మళ్ళీ విప్పడం కుదరదనేమో.

ఎందుకంటే విప్పాల్సిన అవసరం ఉంది. కప్పపిల్ల కప్ప అయ్యేటప్పుడు తోక ఏమవుతుంది? ఊడి పడిపోదు, లోపలే కరిగి ఒంట్లో కలిసిపోతుంది. తోక చర్మమంతా కొల్లాజెన్ కదా, కడుపులోని ఎంజైములకు కూడా లొంగని ఈ తాడును తెంచిందెవరు? 1962లో జెరోమ్ గ్రాస్, షార్ల్ లాపియేర్ కరుగుతున్న కప్పపిల్లల తోక ముక్కలను కొల్లాజెన్ జెల్లీ మీద పెట్టి పెంచి, ముక్కల చుట్టూ జెల్లీ కరిగిపోవడం చూశారు. తోక కణాలే కొల్లాజినేజ్ అనే ఎంజైమును వదులుతున్నాయి. ఈ కుటుంబపు ఎంజైములు తాడును ఎక్కడ పడితే అక్కడ కొరకవు. ఒక్క చోటే, పొడవులో ముప్పావు వంతు దగ్గర, ఒక గ్లైసిన్ పక్కన కోస్తాయి. ముందు అక్కడ పురిని కాస్త విప్పి, ఒక్కో పేటనూ తన నోట్లోకి లాక్కుని కోస్తాయి. ముప్పావు ముక్క ఒకటి, పావు ముక్క ఒకటి వస్తాయి. పొట్టివైపోయిన ఆ ముక్కలు ఒంటి వేడికే పురి విప్పుకుంటాయి, ఆ తర్వాత వాటిని ఎవరైనా తినేయొచ్చు. మన ఒంట్లో గాయం మానేటప్పుడు, ఎముక రోజూ కూలి మళ్ళీ కట్టుకునేటప్పుడు జరిగేదీ ఇదే.

బామ్నిలాంటి చోట ఆమ్లం దాటిన ఒస్సీన్ తర్వాతి మజిలీ ఇదే పనిని మొరటుగా చేయడం. ఒస్సీన్‌ను వారాల తరబడి సున్నపు నీళ్ళలో నానబెడతారు. సున్నం తాళ్ళ మధ్య ఒంట్లోనే పడిన అడ్డకుట్లను కొంత తెంచి, పేటలను వదులుచేస్తుంది. తర్వాత వేడినీళ్ళు. వేడికి తాడు పురి విప్పుకుంటుంది, పేటలు విడిపోయి నీళ్ళలోకి దిగుతాయి. ఆ నీళ్ళే జెలటిన్. మేక కాళ్ళ పాయను రాత్రంతా సన్న సెగ మీద ఉడికించి పొద్దున మూత తీసినప్పుడు ఒలకకుండా వణికే పులుసు కూడా అదే. వడ్రంగులు చెక్క అతికించే పాత వజ్రం జిగురూ అదే. కొల్లాజెన్ అన్న మాటకు మూలమైన గ్రీకు మాటకు అర్థం కూడా జిగురే.

ఈ మధ్య పొడిగా, సాషేలుగా కొల్లాజెన్ అమ్ముతున్నారు, తాగితే చర్మం బిగుస్తుందని. అరిగినప్పుడు కడుపు దాన్ని ముక్కలుముక్కలు చేసి పూసలుగా, చిన్న తునకలుగా లోపలికి పంపుతుంది. అక్కడి నుంచి ఏ పూస ఎటు పోవాలో ఒళ్ళు తేల్చుకుంటుంది. తాగిన తాడు తాడుగా ముఖం మీదికి చేరదు. పాయ పులుసు మీద నాకున్న ఇష్టానికి దీనితో సంబంధం లేదు, అది రుచి విషయం.

జెలటిన్ మందు క్యాప్సూల్ అయ్యేముందు వేడి వేడి ద్రావణంగా ఉంటుంది, ఉక్కు పిన్నుల మీద సన్నటి పొరగా పట్టి చల్లబడుతుంది. చల్లబడేటప్పుడు అందులోని పేటలు ఊరుకోవు. ఒంట్లో పుట్టినప్పుడు పేట కొసన ఒక ముడి ఉండేది, ఏ మూడు పేటలు కలవాలో, ఎక్కడ సరితూగాలో ఆ ముడి చూసుకునేది. తాడు కణం బయటికి వచ్చాక ఆ ముడి తెగిపోయింది. ఇప్పుడు పాత జోడు ఎక్కడుందో, కొస ఎక్కడుందో పేటకు తెలియదు. అయినా ఇక్కడొక ముక్క, అక్కడొక ముక్క, పక్కనున్న ఎవరో ఇద్దరితో కలిసి కొంత దూరం మళ్ళీ మూడుపేటల పురి తిరుగుతుంది, ఆ పై తప్పి విడిపోతుంది, ఇంకో ఇద్దరితో మరోచోట కలుస్తుంది. అలా అరకొరగా పడిన ముడుల మధ్య నీరు ఇరుక్కుని పొర గట్టిపడుతుంది. ముడి పడిన ప్రతి చోటా గ్లైసిన్ లోపలికి తిరిగి ఉంటుంది.